తవిటయ్య గారు దింపించిన పదకొండు సిలిండర్లు

ఆదివారం పూట మా అమ్మాయి తలకి కొబ్బరినూనె పెడుతుంటే, ఆ వాసనకి నాకు ఒక్కసారి గుండె గతుక్కుమంటుంది. జడ అల్లడం పూర్తికాగానే వెళ్ళి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కొస్తాను. "మమ్మీ, ఆజ్ తో ఛుట్టీ హై" అని అది నవ్వుతుంది. సెలవన్న సంగతి నాకూ తెలుసు. అయినా తవిటయ్య గారు షెడ్డు గేటు దగ్గర నిలబడి నా చేతుల వంకే చూస్తున్నట్టు ఉంటుంది.

ఆయన మా ఆక్సిజన్ షెడ్డు ఫోర్‌మన్. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చిన కుటుంబం, సీతారాండేరాలో ఇల్లు. మనిషి పొట్టి, గొంతు మాత్రం షిఫ్టు సైరనంత. నాకు ఏ వరసా కాకపోయినా, తెలుగువాళ్ళం కదా అని మావయ్యా అని పిలిచేదాన్ని. నేను ఊళ్ళో ఐటీఐ చదివి, పెళ్ళై బిర్సానగర్ వచ్చి, ఉక్కు కంపెనీ రోలింగ్ మిల్లులో ఫిట్టర్‌గా చేరాను. కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవిలో ఆ షెడ్డు వాళ్ళు సగంమంది మంచం పడితే నన్ను అక్కడికి పంపారు. అంతవరకూ ఆ ఆక్సిజన్ అంతా కొలిమిలకే పోయేది. ఆ వేసవిలో కంపెనీ కొలిమిల వాటా తగ్గించి ఆసుపత్రులకి మళ్ళించింది. ట్యాంకర్లు దూరపు ఊళ్ళకి వెళ్ళేవి, చుట్టుపక్కల నర్సింగ్‌హోములకి మేం సిలిండర్లు నింపి ఇచ్చేవాళ్ళం. గేటు బయట వ్యాన్లు వరస కట్టి ఉండేవి. ఆ డ్రైవర్ల మొహాలు చూడాలంటేనే భయం వేసేది.

మొదటిరోజు నాకు నమస్కారం కూడా పూర్తి చెయ్యనివ్వలేదు ఆయన.

"తలకి నూనె రాసేవేటి?"

"రాసుకున్నాను మావయ్యా."

"అయితే లోపలికి రాకు. కుళాయి కాడికెళ్ళి తలంటుకుని రా."

నాకు ఒళ్ళు మండిపోయింది. నా జడ మీద ఈయన పెత్తనమేమిటి అనుకుంటూ, బట్టల సబ్బుతో తల రుద్దుకుని, నీళ్ళు కారుతూనే వచ్చి నిలబడ్డాను. అప్పుడు చెప్పారు: "అమ్మీ, మిల్లులో గ్రీజు లేపోతే పని జరగదు. ఇక్కడ గ్రీజుంటే మనిషి మిగలడు. సిలిండర్లోంచి జోరుగా వచ్చే ఆక్సిజన్‌కి నూనె తగిలిందంటే అగ్గిపుల్ల అక్కర్నేదు, భగ్గుమంటాది. అది ఇక్కడే అవ్వాలనేటి నేదు. అక్కడ, పేషెంటు మంచం కాడ నర్సు వాల్వు తిప్పినప్పుడు అవుద్ది." ఆ మాట విన్నాక జడ గురించి మళ్ళీ మాట్లాడలేదు నేను.

రెండు వారాలకి మా ఆయన రమణకి జ్వరం వచ్చింది. ఆటో నడిపే మనిషి, ఎవరి దగ్గర అంటిందో ఏమో. పెద్దాసుపత్రుల్లో మంచాలు లేవు. చివరికి ఒక చిన్న నర్సింగ్‌హోములో చోటు దొరికింది. లోపలికి ఎవర్నీ రానివ్వరు. ఆ నర్సింగ్‌హోము వ్యాన్ రోజూ మా షెడ్డుకే వచ్చేది. డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి "భయ్యా ఠీక్ హై, దీదీ" అంటే నాకు ఆ పూట అన్నం దిగేది.

ఒకరోజు మధ్యాహ్నం అతను ఆ మాట అనలేదు. "దీదీ, జల్దీ కరో. దో ఘంటే కా హీ బచా హై" అన్నాడు. వార్డులో ఉన్న ఆక్సిజన్ ఇంక రెండు గంటలకే సరిపోతుందట. గబగబా నింపడం మొదలుపెట్టాను. సిలిండర్ నిండాక వాల్వు చుట్టూ సబ్బునీళ్ళు పోసి, లీకై బుడగలొస్తున్నాయేమో చూసి, షెడ్డులో ఇచ్చే తెల్లగుడ్డతో తుడిచి మూత పెట్టాలి. ఆ కంగారులో తెల్లగుడ్డ కిందపడి మట్టయింది. ఇంకోటి తెచ్చుకునే ఓపిక లేక, మిల్లు కోటు జేబులో చెయ్యిపెట్టి పాత గుడ్డ లాగాను. మిల్లులో రోజూ చేసే పనే అది, చెయ్యి దానంతటదే పోయింది. మూడు సిలిండర్లు వ్యాన్ ఎక్కాక గుడ్డ మడత విప్పితే లోపల నల్లగా గ్రీజు చార కనిపించింది.

ఇక్కడ నిజం రాయాలి. నేను ఆ గుడ్డని మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను. కొత్త గుడ్డ తెచ్చుకుని పని సాగించాను. చెబితే వ్యాన్ ఆగుతుంది, రమణకి ఊపిరి ఆగుతుంది. చెప్పకపోతే? అతని మంచం పక్కనే మంట లేస్తే? ఏమీ కాదులే, చిన్న మరకేగా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ ఒక్కొక్కటే ఎక్కించాను. పదకొండోది ఎక్కాక తవిటయ్య గారు తనిఖీకి వచ్చారు.

"అంతా బాగుందేటి, అమ్మీ?"

ఆయన కళ్ళలోకి చూసి అవునని అనలేకపోయాను. "మావయ్యా, ఆపించండి. నా గుడ్డకి గ్రీజుంది." కొత్త తెల్లగుడ్డ ఒక చేత్తో పట్టుకునే, జేబులోంచి ఆ పాతగుడ్డ తీసి చూపించాను.

"ఏ సిలిండర్ కాడ్నించి?"

"మొదటి దాన్నించి."

ఆయన తిట్టలేదు. గిరుక్కున తిరిగి "రుకో! గాడీ మత్ నికాలో!" అని అరిచి డ్రైవర్‌ని ఆపారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "మావయ్యా, ఆ వార్డులో రమణ ఉన్నాడు. రెండు గంటలకే ఉందట."

"నాకు తెల్సమ్మీ. అందికే దించాల."

నా చేతులకి కూడా గ్రీజు అంటి ఉంటుందని పదకొండూ దింపించారు. పొద్దున తన చేత్తో నింపి తుడిచిన సిలిండర్లు నాలుగు అవతలి మూల ఉంటే వాటిని వ్యాన్‌లో పెట్టించి, "ఈటితో నడపండి, మిగతాయి ఎనకాలే పంపిత్తాను" అని నర్సింగ్‌హోముకి తనే ఫోన్ చేశారు. మా వల్ల పొరపాటు జరిగిందన్నారు గానీ నా పేరు చెప్పలేదు. తర్వాత ఆ పదకొండు వాల్వులూ ఒక్కోటీ తెల్లగుడ్డతో తుడిచి చూశారు. రెండింటి దగ్గర గుడ్డ నల్లబడింది. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. "ఏడుపు తర్వాత. ముందర సేతులు కడుక్కో" అన్నారు. మిగతా సిలిండర్ల కోసం వ్యాన్ తిరిగొచ్చేదాకా నేను గడియారం వైపు చూడలేదు. డ్రైవర్ తల ఊపి "ఠీక్ హై" అన్నాక గానీ నాకు ఊపిరి ఆడలేదు. ఆసుపత్రిలో చేరిన పన్నెండో రోజున రమణ ఇంటికొచ్చాడు.

ఆ సంఘటన జరిగిన మర్నాడు తవిటయ్య గారు అందరినీ నిలబెట్టి నన్ను చూపించారు. "ఈ అమ్మి తప్పు సేసింది. సేసిన ఎంటనే సెప్పింది. మనిషంటే అలాగుండాల." సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. వెంటనే చెప్పలేదు మావయ్యా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆ తర్వాత కొత్తగా ఎవరు చేరినా అదే కథ హిందీలో చెప్పేవారు, "తురంత్ బతాయీ", వెంటనే చెప్పేసింది అని. ప్రతిసారీ నేను తల దించుకునేదాన్ని. అందరూ దాన్ని అణకువ అనుకునేవారు. ఆయన రిటైరయ్యారు. ఏడాది తిరక్కుండానే గుండె జబ్బుతో పోయారు. సీతారాండేరాలో ఆయన్ని కడసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు కూడా ఆ మాట నాలోనే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ షెడ్డులో కొత్తవాళ్ళకి పని నేర్పేది నేనే. ఈమధ్య ఒక వ్యాన్‌లోకి ఎక్కుతున్న సిలిండర్లు లెక్కపెడుతుంటే హఠాత్తుగా తట్టింది. వెంటనే చెప్పి ఉంటే నా చేతిలో కొత్త గుడ్డ ఎందుకుంటుంది, పదకొండు ఎలా ఎక్కుతాయి? దగ్గరుండి దింపించిన మనిషికి అది తెలియదా? నూనె చుక్కని కూడా క్షమించని ఆయన, ఎప్పుడు చూశావని నన్ను ఒక్కసారీ అడగలేదు. తెలిసే "ఎంటనే" అన్నారు. ఎందుకలా అన్నారో నేను ఖాయంగా చెప్పలేను. కానీ ఆ మాటకి తగ్గట్టు బతకాలని ఆ రోజు నుంచీ పాట్లు పడుతూనే ఉన్నాను.

అందుకే కథ మార్చి చెబుతున్నాను. మూడు ఎక్కినప్పుడు చూశాను, పదకొండు ఎక్కాక నోరు విప్పాను అని కొత్తవాళ్ళ మొహాల్లోకి చూసే చెబుతాను. ఆ మంచం మీద పడుకున్న మనిషికి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. రమణ ఇక్కడే పుట్టి హిందీ బడిలో చదివాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. ఈ రాసినదాన్ని నేనే ఎదురుగా కూర్చుని అతనికి చదివి వినిపించాలి.