ట్యాంకు గొలుసు, రాజీనామా ఉత్తరం

గిస్బెర్ట్ క్యూపర్స్ కోపం వస్తే నోరు పారేసుకునే రకం కాదు, కాగితం తీసుకునే రకం. మెట్ల దగ్గర సైకిలు పెట్టారని పక్కింటివాళ్ళకి ఒక ఉత్తరం, చెత్తబండి పది నిమిషాలు ముందే వచ్చి వెళ్ళిపోయిందని మునిసిపాలిటీకి ఒక ఉత్తరం. తేదీ, విషయం, సంతకం అన్నీ ఎక్కడివక్కడ ఉండాలి. మనిషి చెడ్డవాడేం కాదు. మనసులో మాట నోటి దాకా రావడానికి అతనిలో సందు కూడా లేదు, వేళ్ళ దాకా రావడానికి మాత్రం రాజమార్గం ఉంది.

జర్మనీలో డ్యూరెన్ పక్కన ఒక చిన్న ఊళ్ళో ఉంటాడు. వయసు అరవై నాలుగు. బస్సు డిపోలో ముప్పై ఎనిమిదేళ్లు బ్రేకులు బాగుచేసి రిటైరయ్యాడు. పదకొండేళ్ల కింద భార్య విడాకులు తీసుకుని వెళ్ళిపోయింది. అప్పుడూ అరవలేదు, ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టాడు. ఆ తర్వాత మిగిలినవి రెండు గదుల ఫ్లాటు, ఆ భవనం నేలమాళిగలో చిన్న వర్క్‌షాపు, అందులో రిమోట్‌తో నడిచే లెపర్డ్ ట్యాంకు మోడలు. పొడవులో అసలు ట్యాంకుకి పదహారో వంతు. ఇరవై ఏళ్ల వయసులో పటాలంలో నడిపింది ఆ రకమే కాబట్టి వేరే ట్యాంకు వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

ఇలాంటి ట్యాంకులున్నవాళ్ళంతా కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నారు. ప్రతినెలా మొదటి ఆదివారం పాత బడి వ్యాయామశాలలో కలుస్తారు. అక్కడ గిస్బెర్ట్ పక్క కుర్చీ పందొమ్మిదేళ్లుగా వీనాంట్ డోమెన్‌ది. చక్కెర ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేసిన మనిషి, భార్య పోయింది, డెబ్బై ఏడు నిండాయి. ఆరేళ్లుగా చేతులు వణుకుతున్నాయి. ట్యాంకు చక్రాల చుట్టూ తిరిగే గొలుసులో ఒక్కో లంకెని ఇంకో లంకెతో కలిపేది సూదంత పిన్ను. వీనాంట్ గొలుసులో ఏ పిన్ను ఊడినా దూర్చేది గిస్బెర్టే. అందుకు బదులుగా వీనాంట్ ఇంటినుంచి బంగాళాదుంప అట్లు, యాపిల్ గుజ్జు డబ్బాలో పెట్టుకొచ్చేవాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. గిస్బెర్ట్‌కి నెలంతటికీ అదే స్నేహం, అదే సరిపోయేది.

అక్టోబరులో ఆ హాలుకి కొత్త చెక్క నేల వేశారు. నేల గీసుకుపోతే హాలు ఇవ్వమని మునిసిపాలిటీ చెప్పింది.

"హాలు కావాలంటే మెటల్ గొలుసులు బయటే," అన్నాడు క్లబ్బు అధ్యక్షుడు. "ప్లాస్టిక్ గొలుసులకి అభ్యంతరం లేదట. ఓటుకి పెడదాం."

ట్యాంకు మాట వచ్చేసరికి గిస్బెర్ట్ కాగితం దాకా ఆగలేదు, లేచి నిలబడ్డాడు. "ప్లాస్టిక్ గొలుసా? అయితే పైన ఫిరంగి కూడా పీకేసి ఒక బొమ్మ కుక్కని కూర్చోబెట్టండి. తాడు కట్టుకుని లాక్కుపోవచ్చు. అసలు ట్యాంకు అంటే ఏమిటో తెలిసినవాడు ఇక్కడ ఒక్కడైనా ఉన్నాడా?"

"తెలిసినవాడివి నువ్వున్నావుగా, చాల్లే," అన్నారెవరో. నవ్వారు.

పద్నాలుగు చేతులు లేచాయి. వ్యతిరేకంగా లేచింది గిస్బెర్ట్ చెయ్యి ఒక్కటే. ఆ పద్నాలుగింట్లో చివరిది వీనాంట్‌ది. ఆలస్యంగా, వణుకుతూ లేచింది గాని, లేచింది.

"నువ్వూనా?" అన్నాడు గిస్బెర్ట్.

"కూర్చో, గిస్బెర్ట్. అట్లు చల్లారిపోతున్నాయి."

గిస్బెర్ట్ కూర్చోలేదు. ట్యాంకుని పెట్టెలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

కాగితం తియ్యడానికి మూడు వారాలు పట్టింది. క్లబ్బు మానేసేవాళ్ళు నవంబరు ముప్పై లోపు రాసి ఇవ్వాలని నియమం. ఎప్పుడో మేనకోడలు ఇంటర్నెట్ కనెక్షను రద్దు చేసుకుంటూ రాసిన ఉత్తరం ఒకటి అతని కంప్యూటర్లో ఉంది. అందులో కంపెనీ పేరున్న చోట క్లబ్బు పేరు, ఖాతా నంబరున్న చోట సభ్యత్వం నంబరు మార్చాడు. మిగతాదంతా ఎలా ఉన్నది అలాగే వదిలేశాడు. ఆ రోజు అతనికి చదివే ఓపిక లేదు, పంపే తొందర ఒక్కటే ఉంది. రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు.

మానేద్దామని పంపలేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. వీనాంట్ ఫోన్ చెయ్యాలి, "ఏమిటయ్యా ఈ పిచ్చిపని" అని తిట్టాలి, తను రెండుసార్లు బెట్టు చేసి మూడోసారి మెత్తబడాలి. ఆ ఒక్క ఫోను కోసమే అంత తతంగం. తనే చెయ్యొచ్చు కదా అంటారా? రాజీనామా ఇచ్చినవాడు ఫోన్ చేస్తే దాన్ని బతిమాలుకోవడం అంటారు. గిస్బెర్ట్‌కి అది చచ్చినా చేతకాదు.

డిసెంబరు మొదటివారంలో ఫోను రాలేదు, ఉత్తరం వచ్చింది. "గౌరవనీయులైన క్యూపర్స్ గారికి, తమరి రాజీనామా గడువులోగా అందినది. తమరి సభ్యత్వం ఈ సంవత్సరాంతంతో ముగియుచున్నది." కింద కార్యదర్శి రోస్‌వీటా సంతకం. పందొమ్మిదేళ్లు "నీ కప్పు నువ్వే కడుక్కో గిస్బెర్ట్, నేనేం నీ పెళ్ళాన్ని కాను" అని కేకలేసిన రోస్‌వీటా. ఆ "తమరి" అనే మాట దగ్గరే ఉత్తరం మడిచేశాడు.

ఆ చలికాలం పొడుగునా ఫోను అతన్ని అంటిపెట్టుకునే ఉంది. నేలమాళిగలో సిగ్నల్ అందదు కాబట్టి పని చేసుకునేటప్పుడు దాన్ని మెట్ల కిటికీ అంచున నిలబెట్టి, వర్క్‌షాపు తలుపు బార్లా తెరిచి కూర్చునేవాడు. చలికి వేళ్ళు కొంకర్లు పోయేవి. పంటి డాక్టరు దగ్గరనుంచి ఒకసారి ఫోనొచ్చింది. క్రిస్మస్‌కి బేకరీ అమ్మాయి డబ్బులు తీసుకుంటూ "పండగ శుభాకాంక్షలు" అంది. ఆ వారంలో ఇంకెవరూ అతనితో మాట్లాడలేదు. ఫిబ్రవరిలో ఒక ముసలావిడ మంగలి షాపనుకుని పొరపాటున ఫోన్ చేసింది. రాంగ్ నంబరని చెప్పి పెట్టెయ్యకుండా, ఏ రోజు కావాలి, జుట్టు పొట్టిగానా పొడుగ్గానా అని నాలుగు నిమిషాలు అడిగాడు. పెట్టేశాక తనమీద తనకే అసహ్యం వేసింది.

పోనీ ట్యాంకుతో పొద్దుపుచ్చుదామంటే నడిపే చోటు లేదు. నేలమాళిగ వరండాలో సిమెంటు నేలమీద అటూ ఇటూ తిప్పేవాడు. గరగరమని చప్పుడు. మనుషులు లేనిచోట ఆ చప్పుడు మరీ ఎక్కువగా వినిపించేది. పైగా గొలుసు పన్నెండేళ్లది. పిన్నుల రంధ్రాలు అరిగి సాగి, గొలుసు పొడుగైపోయింది. ఇప్పటికే రెండువైపులా రెండేసి లంకెలు తీసేసి బిగించాడు. ఇంకొకటి తీస్తే చక్రం చుట్టూ అందదు. మార్చిలో ఒకరోజు ఎడమ గొలుసు పుటుక్కున తెగి నేలమీద పరుచుకుంది.

ఏప్రిల్లో డోర్ట్‌మండ్‌లో మోడళ్ళ సంత. ఎవరితో ఆడుకుంటాడో తెలియకపోయినా గొలుసు మాత్రం మార్చాలి కదా. చొక్కా జేబులో తన ట్యాంకు గొలుసుని తిప్పే పళ్ళచక్రం వేసుకుని రైలెక్కాడు. గొలుసు కొనడానికి పళ్ళచక్రం లేకుండా వెళ్ళేవాడిని గిస్బెర్ట్ మనిషిగానే లెక్కపెట్టడు.

అంగడి అతను మొదట ఒక జత పరిచాడు. "జింకు పోత. జత కిలో పైనే తూగుతుంది. అందరూ ఇదే పట్టుకెళ్తున్నారు."

గిస్బెర్ట్ ఒక కొస పట్టుకుని గొలుసుని గాలిలోకి వదిలాడు. నిటారుగా వేలాడకుండా ఒక పక్కకి ఒంపు తిరిగింది. "మీ అందరికీ ట్యాంకు గుండ్రంగా తిరిగితే చాలేమో. నాకు తిన్నగా వెళ్ళాలి."

అతను నవ్వి రెండో జత ఇచ్చాడు. గిస్బెర్ట్ దాన్ని మడిచిన పిడికిలిమీదుగా మెల్లగా జార్చాడు. ప్రతి లంకె వేళ్ళ కణుపుల మీద ఆగకుండా వంగాలి. వంగింది. జేబులోంచి పళ్ళచక్రం తీసి గొలుసుకి ఆనించాడు. మొదటి మూడు పళ్ళూ కూర్చున్నాయి, నాలుగోది అంచు ఎక్కింది. "లంకెకీ లంకెకీ ఎడం వెంట్రుకవాసి ఎక్కువ. నెల తిరక్కుండా పళ్ళు రాలిపోతాయి," అని తిరిగి ఇచ్చేశాడు.

మూడో జత ఒంపు తిరగలేదు, పిడికిలిమీద ఆగలేదు, చక్రం పళ్ళన్నీ చక్కగా కూర్చున్నాయి. వెనక్కి తిప్పి చూశాడు. ప్రతి లంకె అడుగునా రెండు నల్లటి రబ్బరు దిమ్మలు ఉన్నాయి.

"ఇదే అసలైనది," అన్నాడు అంగడి అతను. "నిజం లెపర్డ్‌కి ఇలాగే ఉండేవట, ఊళ్ళో రోడ్లు పాడుకాకుండా."

గిస్బెర్ట్‌కి తెలుసు. అతనికి కాక ఇంకెవరికి తెలుసు? పటాలంలో అరిగిపోయిన దిమ్మలు ఊడదీసి కొత్తవి బిగించీ బిగించీ అరచేతులు బొబ్బలెక్కిన మనిషి. పన్నెండేళ్ల కింద రబ్బరున్నవి దొరక్క ఉత్త లోహపు గొలుసు వేసుకున్నాడు. అదే అసలైనదని వాళ్ళందరికీ చెప్పీ చెప్పీ, చివరికి తనే నమ్మాడు. ఈ గొలుసైతే కొత్త చెక్క నేల మీద గీత కూడా పడదు. బొమ్మ కుక్క అంటూ ఎగిరాడు గాని, ఆ రోజు హాల్లో తప్పు మాట్లాడింది తనొక్కడే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"గిస్బెర్ట్?"

వెనక్కి తిరిగితే రోస్‌వీటా. చేతిలో కాఫీ కప్పు, భుజాన సంచి.

"గౌరవనీయులైన క్యూపర్స్ గారు అనాలేమో," అన్నాడు.

"నువ్వు రాసిన తీరుకి ఇంకెలా రాయమంటావు?"

"రాజీనామాయేగా రాశాను. ఒక్కరైనా ఫోన్ చేసి ఎందుకని అడిగారా? ఐదు నెలలు."

రోస్‌వీటా అతని ముఖంలోకి తేరిపార చూసింది. "చెయ్యొద్దని నువ్వే రాశావు కదా."

"నేనా?"

"చివరి వాక్యం. 'నన్ను తిరిగి చేర్చుకునేందుకు ఫోను ద్వారా గాని, మరే విధంగా గాని సంప్రదించవద్దని కోరుతున్నాను.' నాకు కంఠతా వచ్చు. వీనాంట్ నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. ఫోన్ చేస్తానని అప్పటికే జేబులోంచి తీశాడు. నేనే ఆపాను. మనిషి రాసి ఇచ్చాక గౌరవించాలి కదా అన్నాను."

గిస్బెర్ట్‌కి మేనకోడలు ఉత్తరం గుర్తొచ్చింది. ఇంటర్నెట్ వాళ్ళు ఊరికే ఫోన్లు చేసి విసిగిస్తారని రాసిన వాక్యం. చేతిలో గొలుసు టేబుల్ మీద పెట్టేశాడు.

"అది నా వాక్యం కాదు," అన్నాడు. "వేరే ఉత్తరంలోది. నేను చదవనేలేదు. రోస్‌వీటా, చలికాలమంతా నేను ఫోను పక్కనే కూర్చున్నాను." ఇంత మాట నోటితో అనడం అతనికి ఇదే మొదటిసారి.

ఆమె కాఫీ కప్పు టేబుల్ మీద పెట్టింది. తర్వాత మెల్లగా, "వీనాంట్ జనవరినుంచి రావడం లేదు. ప్లాస్టిక్ గొలుసులో పిన్ను ఊడింది. మేం వేస్తామన్నాం, వద్దన్నాడు," అంది.

గిస్బెర్ట్ రబ్బరు దిమ్మల గొలుసులు రెండు జతలు కొన్నాడు. వీనాంట్ ట్యాంకూ లెపర్డే కాబట్టి ఒకటి తనకి, ఒకటి వీనాంట్‌కి. సాయంత్రం రైల్లో తన ఊరు రాకముందే దిగి బస్సు పట్టుకుని తిన్నగా వీనాంట్ ఇంటికి వెళ్ళాడు.

వీనాంట్ తలుపు తీశాడు. బాగా చిక్కిపోయాడు. చొక్కా బొత్తాములు ఒకటి విడిచి ఒకటి పెట్టుకున్నాడు. గిస్బెర్ట్ గుమ్మంలోనే నిలబడి ఉత్తరం సంగతి గడగడా చెప్పేశాడు. వీనాంట్ అంతా విన్నాడు.

"నేను రెండుసార్లు మీ ఇంటికొచ్చాను," అన్నాడు. "బస్సెక్కి. గంట దాకా చెయ్యి పెట్టి కూడా వెనక్కి వెళ్ళిపోయాను. 'మరే విధంగా గాని' అని రాశావు మరి. కింద కిటికీలో దీపం వెలుగుతోంది. పని చేసుకుంటున్నాడు, హాయిగా ఉన్నాడు, ఎందుకులే అనుకున్నాను."

"హాయిగా లేను. ఒక్కరోజు కూడా లేను." గిస్బెర్ట్ పెట్టె ముందుకు చాచాడు. "నీ ట్యాంకు తీసుకురా. ఇప్పుడే వేసేస్తాను. వీటితో హాల్లో నడపొచ్చు."

"ఇచ్చేశాను. ఫిబ్రవరిలో, ఆఖెన్ నుంచి ఎవరో వచ్చి పట్టుకెళ్ళారు."

పెట్టె గిస్బెర్ట్ చేతిలోనే ఉండిపోయింది.

"ఆ రోజు చెయ్యెత్తింది నిన్ను కాదని కాదు," అన్నాడు వీనాంట్. "హాలు పోతే నాకు ఆదివారం ఉండదని ఎత్తాను. ఇప్పుడు హాలు ఉంది, ఆదివారమే లేదు."

"వచ్చే నెల నేనొచ్చి తీసుకెళ్తాను."

"వచ్చి ఏం చెయ్యను? నువ్వు నడుపుతుంటే చప్పట్లు కొట్టనా? ఈ చేతుల్తో అదొక్కటే బాగా వస్తుందిలే." నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. "నాకు డెబ్బై ఏడు, గిస్బెర్ట్. ఇంకా ఉన్నవే నాలుగైదు చలికాలాలు. అందులో ఒకటి నువ్వు తినేశావు."

"ఏం చెయ్యమంటావు చెప్పు."

"ఇవాళ ఇంటికి వెళ్ళు. నాకు కాస్త టైమివ్వు. తర్వాత ఫోన్ చెయ్యి. ఈసారి నువ్వే చెయ్యి."

తలుపు మూసుకుంది. గిస్బెర్ట్ రెండు పెట్టెలూ చంకలో పెట్టుకుని బస్‌స్టాపు దాకా నడిచాడు. కాస్త టైమంటే ఎంతో వీనాంట్ చెప్పలేదు. బెంచీ మీద కూర్చుని ఫోన్ తీసి నంబరు నొక్కాడు. ఎనిమిదిసార్లు మోగింది. వీనాంట్ చేతులు వణుకుతాయి, ఫోను అందుకోవడానికి కాస్త సేపు పడుతుంది. పదిహేనుసార్లు మోగినా ఎత్తలేదు. బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. గిస్బెర్ట్ ఫోను పెట్టెయ్యలేదు.