రెండో నంబరు

మియాపూర్ మెట్రో మెట్ల కింద ఒక చిన్న సెల్‌ఫోన్ దుకాణం ఉంది. నిన్న దాని ముందు నుంచి నడుస్తుంటే కరిగిన సోల్డరింగ్ తీగ పొగ ముక్కుకు తగిలింది. వెంటనే స్వరూప గుర్తుకొచ్చింది. ఆమె సంగతి చెప్పేముందు నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే ఒక అమ్మాయిని, ఆమె ఫోన్లోనే కాపలా పెట్టిన మొగుడి కళ్లు కప్పి, ఒంటిచేత్తో బయటపడేసినవాణ్ణి నేను.

మా వాకింగ్ మిత్రులకు ఇలా చాలాసార్లు చెప్పాను. ఇందులో 'ఒంటిచేత్తో' అన్న మాట నిజం కాదు. ఆ చెయ్యి కూడా నాది కాదు.

చందానగర్ మార్కెట్లో స్వరూపకు ఫోన్లు బాగుచేసే దుకాణం ఉండేది. టెలిఫోన్ శాఖలో రిటైరై కాకినాడ నుంచి వచ్చిన నేను, పొద్దుపోక, ఆమె కౌంటర్లో చీట్లు రాయడానికి కుదిరాను. వయసులో నా కూతురంత, పనిలో నాకు పై అధికారి. ఫోన్లంటే నాకు తెలియనిది లేదని మొదటి రోజే చెప్పాను. "నీకు తాత ఫోన్లు తెల్సు పెద్దాయనా. ఇవి మనవరాళ్లు," అంది.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చింది. మెడలో కంపెనీ కార్డు. బ్యాటరీ నిలవడం లేదని చెప్పి చీటీ రాయించుకుంది. కాసేపాగి, "నేనెక్కడికి వెళ్లినా మా ఆయనకి తెలిసిపోతోందండి. మా అక్కకి పెట్టిన మెసేజ్ నాకే చదివి వినిపించాడు," అంది. చున్నీ సర్దుకుంటుంటే మోచేతి పైన నాలుగు వేళ్ల గుర్తులు కనిపించాయి.

స్వరూప వెతికితే, పేరూ బొమ్మా కనపడకుండా ఒక యాప్ దాక్కుని ఉంది. "తీసి పారెయ్!" అన్నాను.

"తీస్తే ఆయనకు ఎంబడే ఎర్కైతది. ఇంట్ల ఆయనతోని ఉండేది ఆమెనా, నువ్వా?" అని, ఆ అమ్మాయి వైపు తిరిగింది. "నీకేం కావాల్నో నువ్వే చెప్పు చెల్లె."

"వచ్చే సోమవారం ఆఫీసు నుంచే అక్క దగ్గరికి వెళ్లిపోదామనుకుంటున్నానండి."

"అయితే గప్పటిదాంక గా యాప్‌ను ముట్టొద్దు. అక్కతోని మాట్లాడేది, సాయం అడిగేది, అంతా ఆఫీసుల నమ్మకమున్న దోస్తు ఫోన్ల. కొత్త మెయిల్ గూడ అండ్లనే తెరువు, ఆయన ఊహకు అందని పాస్‌వర్డ్ పెట్టు. పోయే దినం ఈ ఫోన్ ఆఫీసు డ్రాయర్లనే వదిలెయ్. ఇప్పుడైతే బ్యాటరీ మారుస్త. ఇక్కడికెందుకొచ్చినవంటే చెప్పనీకి ఏదన్న ఉండాలె గద."

గంట పడుతుందంటే ఆమె టీ తాగడానికి వెళ్లింది. మా దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. ఫోన్ మా దగ్గరే ఉంటుంది కాబట్టి, పనయ్యాక పిలవడానికి చీటీ మీద ఇంకో నంబరు రాయించుకునేవాళ్లం. ఆ అమ్మాయి మొదట చీటీ రాయించుకున్నప్పుడే అలవాటుగా తనకు కంఠతా వచ్చిన ఒకే ఒక నంబరు చెప్పింది. పనయ్యాక నేనూ అలవాటుగానే దానికి ఫోన్ చేశాను.

"మేడమ్ గారి ఫోన్ రెడీ అండి."

"ఏ దుకాణం? ఏం చూశారు అందులో?" అంది మగ గొంతు.

వాకింగ్ మిత్రులకు చెప్పే కథలో నేనిక్కడ తొణక్కుండా 'బ్యాటరీ' అంటాను. నిజానికి ఫోన్ చెవికి ఆనించుకునే స్వరూప వైపు తిరిగాను. స్వరూప నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "బ్యాటరీ ఉబ్బింది సార్, మార్చినం. ఇంకేం లేదు," అని పెట్టేసింది. నన్ను తిట్టలేదు. ఖాళీ చీట్ల కట్ట ముందుకు లాక్కుని, రెండో నంబరు గడిని పెన్నుతో అడ్డంగా కొట్టేస్తూ కూర్చుంది, చివరి చీటీ దాకా.

ఆ అమ్మాయి వెళ్లగలిగింది. అక్క దగ్గర నుంచి ఒకసారి స్వరూపకు ఫోన్ చేసింది కూడా. నాకు మాత్రం ఒక అలవాటు మిగిలింది. ఎవరింటికి ఫోన్ చేయాల్సి వచ్చినా, ఈ నంబరుకు చేయొచ్చా, ఎవరు తీస్తారు అని ముందే అడుగుతాను. మా ఇంట్లో దీన్ని చాదస్తం అంటారు.

స్వరూప ఇప్పుడు సిద్దిపేటలో ఉంటోంది. ఇదంతా రాసి, నిజం ఒప్పేసుకున్నానన్న గర్వంతో ఆమెకు ఫోన్లో చదివి వినిపించాను. చివరిదాకా వింది.

"ఆమె గా సోమారం పోలే పెద్దాయనా. నువ్వు ఫోన్ జేసినంక ఆయనకు అనుమానమొచ్చి, నెల దినాలు ఆఫీసుకాడ ఆయనే దింపిండు, ఆయనే ఎంట తీస్కపోయిండు. ఆ నెలంత ఆమె గా ఇంట్లనే ఉన్నది. గా సంగతి నీకెర్కనే. గది గూడ రాయి."