గడ్డి మొలిచిన చోటు

ఆ ఏనుగు ఫోటోని నేనిప్పుడు ఎవరికీ చూపించను.

ఖరగ్‌పూర్ స్టేషను వెయిటింగ్ హాల్లో, పక్కన కూర్చున్న పెద్దాయన నా ఫోనులోకి తొంగిచూసి, "ఇది మా లైను కదా బాబూ?" అన్నాడు. ఉలిక్కిపడ్డాను. ఫోటోలు దిద్దే యాప్‌తో పట్టాలూ కరెంటు స్తంభమూ చెరిపేశాక, చూసినవాళ్లంతా నట్టడవి అనుకున్న ఫోటో అది.

"ఈ వంకర చెట్టుని రోజూ సూస్తాను. ట్రాకు మీద పని నాది. ఏ రోజు తీసినారు?"

"పోయిన నెల, మంగళవారం పొద్దున్న."

ఆయన నిటారుగా కూర్చున్నాడు. "ఏనుగులు దాటతన్నాయని ఆ పొద్దు ఎర్రజెండా పట్టుకుని అక్కడే నిలబడ్డాను. డ్యూటీలో లేనని ఛార్జిషీటు ఇచ్చినారు. రేపే ఎంక్వైరీ. నేనెక్కడున్నానో సూపించండి బాబూ."

ఏనుగు వెనక నారింజ రంగు కోటులో ఒక మనిషి ఉండేవాడు. అడవి ఫోటోలో మనిషి అడ్డంగా ఉన్నాడని, వేలితో రుద్ది తీసేశాను. ఆ చోట యాప్ గడ్డి నింపింది. ఫోనులో జాగా చాలక అసలు ఫోటో కూడా ఉంచుకోలేదు.

అంతా చెప్పేశాను. ఆయన ఫోను అందుకుని, ఏనుగు వెనకాల బొటనవేలితో మెల్లగా రుద్దాడు.

"ఇలాగ రుద్దితే మళ్లీ రాదా?"

"రాదండీ."

ఇంకాసేపు రుద్ది, ఫోను నా చేతిలో పెట్టాడు.

"అక్కడ గడ్డుండదు బాబూ. ఎప్పటికప్పుడు మేమే పీకేస్తాం."