ఒరింబాసర్ పసుపు దీపాలు

ఒరింబాసర్‌కి చెడిపోయిన వస్తువంటే బొత్తిగా ఆసక్తి లేదు. చెడిపోబోతున్న వస్తువంటే మాత్రం ప్రాణం పెడతాడు.

ఉత్తర కజకిస్తాన్‌లో కరాకుదిక్ అనే బొగ్గు ఊరు. అక్కడి టెలిఫోన్ ఆఫీసులో గోడంత తెర ముందు కూర్చోవడం ఆయన ఉద్యోగం. ఊళ్ళో ప్రతి భవంతి నేలమాళిగలోనూ ఒక ఇనప పెట్టె ఉంటుంది. అందులోని యంత్రం పదిహేను నిమిషాలకోసారి తన కొలతలు పంపుతుంది: లైనులో ఎన్ని తప్పులు దొర్లాయి, గాజుతీగలో వెలుతురు ఎంత తగ్గింది, పెట్టెలో వేడి ఎంతుంది. కొలత హద్దు దాటితే తెర మీద పసుపు దీపం. లైను తెగితే ఎర్ర దీపం.

"ఎరుపు చూడ్డానికి మనిషెందుకండీ?" అనేవాడు ఒరింబాసర్. "ఎరుపొస్తే ఊరే పరిగెత్తుకొచ్చి తిడుతుంది. పసుపు చూడాలి. ఇంకా ఏమీ కాలేదు. అందుకే చెబుతున్నా!"

ఈ జబ్బు ఆఫీసు గుమ్మం దగ్గర ఆగితే బాగుండేది. పెళ్ళి విందులో గుర్రపుమాంసం పళ్ళెం ముందుకొచ్చినా ఆయన చూపు పైకప్పుకి వేలాడే గాజుదీపం కొక్కెం మీదే. పదిహేను నిమిషాలకోసారి తలెత్తి చూసి, పక్కవాడి చెవిలో "వెంట్రుకవాసి దిగింది" అనేవాడు. పక్కవాడు పళ్ళెం పట్టుకుని ఇంకో బల్లకి పోయేవాడు. తర్వాత కూర్చున్నవాడికీ అదే మాట, వాడిదీ అదే దారి. ఒక పెళ్ళిలో ఆ దీపం నిజంగానే ఊడిపడింది. ఎవరికీ తగల్లేదు. కింద కుర్చీలన్నీ ఈయన పోరు పడలేక ఎప్పుడో ఖాళీ అయిపోయాయి.

భార్య ఉల్మెకెన్ చెప్పేది: "అందరి మొగుళ్ళూ పెళ్ళాం కోప్పడ్డాక బయటికి పోతారు. మా ఆయన కోప్పడబోయే ముందే పోతాడు. ఇక కోపం ఎవరిమీద చూపించను?"

పాత అధికారి కిదిరాలీ దగ్గర మాత్రం ఈ ఆట వికటించింది.

"నిరుడు మీరు మూడో అంతస్తు మెట్ల మీద ఆయాసపడి ఆగేవారు," అన్నాడొకనాడు ఒరింబాసర్. "ఈ యేడు రెండోదాని దగ్గరే ఆగుతున్నారు. ఇంకా ఏమీ కాలేదు, అందుకే..."

"నీ నోట్లో మన్ను పడ! పోయి నీ దీపాలు చూసుకో!"

వసంతంలో కిదిరాలీ ఆ రెండో అంతస్తు మెట్ల మీదే కూలబడి, మళ్ళీ లేవలేదు. ఖననం నాడు ఒరింబాసర్ పక్కన ఒక్కరూ నిలబడలేదు. కాకినోరు అని పేరు పడిపోయింది. ఆనాటి నుంచి ఆయన మనుషుల ఊసెత్తడం మానేశాడు. నోరు తెరిస్తే యంత్రాల సంగతే.

ఈ కథలన్నీ కురలాయ్ అక్కడ అధికారిగా చేరిన మొదటి వారంలోనే విని, కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ప్రధాన కార్యాలయం ఆమెని పంపిందే ఒక పని మీద: రోజుకి నాలుగు వందల పసుపు దీపాలు వెలుగుతున్నాయి, పదిలోపుకి తేవాలి.

"అగాయ్," అంది కురలాయ్, పెద్దవాళ్ళని గౌరవంగా పిలిచే మాటతో. "తొమ్మిదో పేటలో ఈ నలభై పెట్టెలకి చలి హద్దు ఎవరు పెట్టారు?"

"నేనే."

"పది డిగ్రీలా? ఈ యంత్రం సున్నాకి నలభై కింద కూడా పనిచేస్తుంది. చలంటే దానికి పండగ!"

"ఇనుము ముడుచుకుంటుందమ్మా."

"ముడుచుకుంటే?"

"మరలు వదులవుతాయి."

"ఎప్పుడైనా అయ్యాయా?"

"ఇంకా ఏమీ కాలేదు. అందుకే..."

"చాలు అగాయ్! మరి ఇదేమిటి?" ఆమె ఒక ఉత్తరం బల్ల మీద పెట్టింది. అదే పేటలోని పదిహేడో భవంతి నుంచి ఎమ్మా కార్లొవ్నా అనే ముసలావిడ ముత్యాలకోవలాంటి దస్తూరీతో రాసిన ఫిర్యాదు. 'మీ ఉద్యోగి ఒకడు చలికాలమంతా నాకు ఫోన్ చేసి, లైను పరీక్ష అంటూ, పది దాకా లెక్కపెట్టమంటున్నాడు. నేను ముప్ఫైయేళ్ళు లెక్కల టీచర్ని. నన్ను అంకెలడగడానికి ఇతనెవడు?'

"గొంతెలా వినబడుతోందో చూస్తానమ్మా, అంతే."

"అది యంత్రం చూడదూ?"

"యంత్రం లైను చూస్తుంది," అన్నాడాయన.

మందలింపు కాగితం ఇచ్చినా ఒరింబాసర్ హద్దు మార్చలేదు. కురలాయ్ తనే కూర్చుని, నలభై పెట్టెలకీ చలి హద్దుని సున్నాకి ముప్ఫై అయిదు కిందకి దించేసింది. తెర అంచుకి అంటించిన చీటీ కూడా పీకేసింది. 'తొమ్మిదో పేటలో పసుపొస్తే ఏ వేళైనా సరే నాకు ఫోన్ చెయ్యండి: ఒరింబాసర్' అని ఉందందులో. తెర అద్దంలా శుభ్రపడింది. ప్రధాన కార్యాలయం నుంచి అభినందన వచ్చింది. ఒరింబాసర్ మాత్రం పెట్టెల వేడి కొలతలు ఒక్కొక్కటే తెరిచి, చేత్తో నోటుపుస్తకంలో ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు. ఆ పిచ్చి చూసి కుర్రకారు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

జనవరిలో చలి సున్నాకి ముప్ఫై తొమ్మిది డిగ్రీల కిందకి పడిపోయింది. పొద్దున ఎనిమిదిన్నరకి కురలాయ్ వచ్చేసరికి ఒరింబాసర్ కోటు కూడా విప్పకుండా ఫోన్ పట్టుకుని ఉన్నాడు.

"ఎమ్మా కార్లొవ్నా, లైను పరీక్ష... ఆఁ, తిట్టండి, తిట్టి లెక్కపెట్టండి... నాలుగు, అయిదు, ఆరు... ఆరు తర్వాత? మళ్ళీ ఆరేనా? హలో?"

ఫోన్ పెట్టేశాడు. నోటుపుస్తకం తెరిచాడు.

"పదిహేడో భవంతి," అన్నాడు. "రాత్రి పదకొండుకి పెట్టెలో పధ్నాలుగు డిగ్రీలు. తెల్లారుజామున నాలుగింటికి ఎనిమిది. ఇప్పుడు సున్నాకి రెండు కింద."

"యంత్రం బాగానే ఉంది కదా అగాయ్?"

"యంత్రానికేం, నిక్షేపంలా ఉంది. పెట్టె పక్కనుంచే వేడినీళ్ళ గొట్టం పోతుంది తల్లీ. పెట్టె చల్లబడిందంటే గొట్టం చచ్చిందన్నమాట. పైన మనుషులున్నారు. సగం మంది ఒంటరి ముసలాళ్ళు."

కురలాయ్ ఇళ్ళకి వేడినీళ్ళు పంపే ఆఫీసుకి ఫోన్ చేసింది. "మా పుస్తకంలో అంతా సవ్యంగానే ఉంది," అన్నదొక నిద్రమొహం గొంతు. ఆమె ఫోన్ విసిరేసి బండి తాళాలందుకుంది.

పదిహేడో భవంతి మెట్ల మీద నీళ్ళు పారి, పారినచోటే గడ్డకట్టాయి. ఇద్దరూ గోడ పట్టుకుని పాకుతూ ఎక్కారు. చాలాసేపు బాదితే ఎమ్మా కార్లొవ్నా తలుపు తెరిచింది. ఒంటి మీద రెండు కోట్లు, వాటిపైన దుప్పటి. పెదవులు నీలం. ఒరింబాసర్ని ఎగాదిగా చూసింది.

"ఏ... డు," అంది పళ్ళు టకటకలాడుతుంటే. "ఎని... మిది. నాకు వచ్చు!"

"వచ్చండీ, వచ్చు," అంటూ ఆయన ఆవిణ్ణి పసిపిల్లలా ఎత్తుకున్నాడు.

పక్కింట్లో ఓస్తప్ అనే పాత పంపుల మెకానిక్ ఉండేవాడు. కిటికీ పక్క కుర్చీలో, బూట్లు వేసుకునే కూర్చుని ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు గడ్డకట్టింది. ఆయన కూడా.

ఒరింబాసర్ టోపీ తీసి ఆ గుమ్మంలో నిలబడ్డాడు. "ఈయనకి ఫోన్ లేదు," అన్నాడు. "ఫోన్ లేనివాడి గొంతు నేనెలా వినను?"

"నాలుగింటికే పసుపొచ్చేది," అంది కురలాయ్. "రాత్రి డ్యూటీవాడు మీకు ఫోన్ చేసేవాడు. ఆ హద్దు నేనే తీసేశాను."

"మీరు యంత్రాల కోసమనుకుని తీశారు. మనుషుల కోసమని నేను చెప్పలేదుగా. ఇనుము ముడుచుకుంటుందన్నాను. చెబితే, 'కాకి ఎవరి చావు కూస్తోంది?' అంటారని భయం." టోపీ పెట్టుకుని, "పదండి, ఇంకా నాలుగు అంతస్తులున్నాయి," అన్నాడు.

ముసలాళ్ళందరినీ ఎక్కడికి చేర్చాలి? బడికీ ఆ గొట్టమే, ఆసుపత్రిలో మంచాల్లేవు. ఊళ్ళో వేడినీళ్ళ ఆఫీసు దయ అక్కర్లేని చోటు ఒక్కటే: టెలిఫోన్ ఆఫీసులో యంత్రాల గది. యంత్రాల వేడికే అక్కడ ఎప్పుడూ ఇరవై నాలుగు డిగ్రీలు. పరాయివాళ్ళు అడుగుపెట్టకూడదని తలుపు మీద ఎర్రక్షరాలతో బోర్డుంది. కురలాయ్ ఆ తలుపు బార్లా తెరిచిపెట్టింది.

మధ్యాహ్నానికి నలభైముగ్గురు చేరారు. కురలాయ్ కూడా ఒరింబాసర్ పక్కన కూర్చుని, ఆయన పుస్తకం తెరిచింది. డిగ్రీల పక్కనే ప్రతి భవంతికీ పేర్లున్నాయి: ఎవరు ఒంటరి, ఎవరికి చెవుడు, ఎవరు ఏ వేళకి నిద్రలేస్తారు. సాయంత్రం దాకా ఇద్దరూ ఫోన్లు చేసి పేటంతా లెక్కపెట్టించారు. ఇంకో రెండు భవంతులు చల్లబడుతున్నట్టు తేలింది. అక్కడ అందరూ దక్కారు.

ఆ రాత్రే ఆమె నలభై పెట్టెలకీ హద్దు తిరిగి పెట్టింది. పది కాదు, పన్నెండు. కొత్త చీటీ మీద ముందు తన నంబరు రాసి, దాని కింద ఆయనది రాసింది. ఫోన్ లేని ఇళ్ళ జాబితా వేరే కాగితం మీద వేసి, ఒక్కో ఇంటి తలుపు తట్టే పని ఒక్కో పొరుగువాడికి అప్పజెప్పింది.

గొట్టం బాగవడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఈలోగా ఓస్తప్‌ని మట్టిలో పెట్టడానికి నేలని కొలిమి బొగ్గులతో కరిగించాల్సి వచ్చింది. ఆ సమాధి దగ్గర నలభైముగ్గురూ ఒరింబాసర్ చుట్టూ గుంపుగా నిలబడ్డారు. "ఈయన పక్కన గాలి తగలదు," అన్నాడు సగిందిక్ అనే పాత గని కార్మికుడు.

యంత్రాల గదిలో మాత్రం గొడవలు తప్పలేదు. "ఈ పంకాల హోరేమిటి, ఆపండి!" అని ఎమ్మా కార్లొవ్నా. "ఆపితే యంత్రాలు మాడిపోతాయండీ!" అని చేతులు అడ్డంపెట్టి ఒరింబాసర్.

తొమ్మిదోనాడు ఇళ్ళల్లో వెచ్చబడిందని కబురొచ్చింది. అందరూ మూటలు కట్టారు. సగిందిక్ ఒక్కడే తన బొంతని నీటుగా మడిచి, విడిభాగాల బీరువాలో మధ్య అరలో పెట్టి తలుపు మూశాడు.

"తాతా, బొంత మరిచిపోతున్నారు," అంది కురలాయ్.

"మరుపా? ఆ గొట్టాలు ముప్ఫైయేళ్ళు చూశాను పిల్లా. ఫిబ్రవరిలో మళ్ళీ పగుల్తాయి. అన్నిసార్లు మొయ్యడానికి నా నడుమేమన్నా ఇనుమా?"

కురలాయ్ ఒరింబాసర్ వైపు చూసింది. ఆయన బీరువా తెరిచి, పై అరలోని మరల డబ్బాలన్నీ కింద పెట్టి, మిగతావాళ్ళ బొంతలకి చోటు చెయ్యడం మొదలుపెట్టాడు.