రెండు వేల మైళ్ల సర్వీసు

నేను కాపురానికి వచ్చేనాటికి మా ఇంట్లో జీపు నడిపేవాళ్లు ఇద్దరు. దాని కిందికి దూరే మనిషి మాత్రం ఒక్కతే. మా వదిన, అంటే మా ఆయనకు అక్క. ఆమె భర్త వేరుశనగ వ్యాపారం చేసేవాడు. ఊళ్లు తిరగడానికి పాత డీజిలు జీపొకటి కొని, దాని మంచిచెడ్డలన్నీ భార్యకు కూడా నేర్పాడు. ఆయన విషజ్వరంతో పోయాక, ఆమె ఒక ట్రంకు పెట్టెను ఆ జీపులో వేసుకుని, తనే నడుపుకుంటూ తనకల్లు దగ్గరున్న మా ఊరికి, పుట్టింటికి వచ్చేసింది. ఆ మాట చెప్పేటప్పుడు మా అత్త గొంతులో కొంచెం సిగ్గు, బోలెడు గర్వం వినిపించేవి.

రెండు వేల మైళ్లకొకసారి ఇంటి ముందర వేపచెట్టు నీడలో జీపుకు సర్వీసు. కదిరిలో మెకానిక్కులు లేక కాదు. ఇంకొకరి చెయ్యి పడితే వదినకు నిద్ర పట్టదు, అంతే. మీటరులో అంకెలు చూసి, "దీనికి పొద్దయింది" అనేది, ఆవుకు పాలు పిండే వేళయినట్టు.

నేను ధర్మవరంలో పెరిగినదాన్ని. మా వీధంతా మగ్గాల చప్పుడే గానీ, ఇంజను మూత తెరిచి ఉండగా చూసి ఎరగను. మొదటి రెండు సర్వీసులకూ కాఫీ తెచ్చి అరుగు మీద పెట్టి లోపలికి పోయాను. మూడోసారి వదిన నన్ను పోనివ్వలేదు.

అది వానలు ఎగ్గొట్టిన ఏడు. చేలల్లో వేరుశనగ మొక్క జానెడైనా లేవకుండానే మాడిపోయింది. అవతలి ఊరి బోరు నుంచి డ్రమ్ములతో నీళ్లు తెచ్చేది కూడా ఆ జీపే. దానికి తోడు, ఆ సర్వీసుకు ముందురోజే కదిరి అవతల చుట్టాల పెండ్లి చూసుకుని కొండ దారిలో తిరిగొచ్చాం. ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్లు, వాళ్ల పిల్లలు, ఒకరి ఒళ్లో ఒకరు. వెనక కమ్మీ పట్టుకుని వేలాడినవాళ్లు కూడా ఉన్నారు. నడిపింది వదినే.

తెల్లారి ఆమెకు కుడి భుజం పైకి లేవలేదు.

"నిన్న దారంతా స్టీరింగు ఒకపక్కకే లాగుతాండె. టైర్లో గాలి తక్కువేమో. పట్టి పట్టి భుజం పీకుతాంది. ఈపొద్దు కిందికి నువ్వే దూరాల పాపా" అంది.

"నాకేం తెలుసు వదినా?"

"నాకు మాత్రం పుట్టంగానే తెలుసునా? కొంగు బిగించు, రా."

ముందు ఇంజను కాసేపు ఆడించి, పక్కనుంచి ఎడమ చెయ్యి కిందికి చాపి, వేడి మీద పాత ఆయిలు దించింది. నల్లటి ధార గంగాళంలోకి చప్పుడు లేకుండా జారింది. తర్వాత ఇంజను గాలి పీల్చుకునే చోటనున్న ఇనుప గిన్నె విప్పి నా చేతికిచ్చింది. అందులో నూనె పోసి ఉంచుతారట, దారి దుమ్ము లోపలికి పోకుండా ఆ నూనెలో చిక్కుకోవడానికి. పైన తేరిన నూనె వంచేస్తే అడుగున సంగటి ముద్దలాగా ఎర్రమట్టి గడ్డకట్టి ఉంది. వేలితో తీశాను. మెత్తగా, చల్లగా ఉంది.

"ఇదంతా మన మట్టేనా?"

"మనూరిదీ, కదిరిదీ, నిన్న పోయిన పెండ్లోళ్లూరిదీ. ఈ గిన్నె లేకుంటే అంతా దాని కడుపులోకే పోతాండె."

వానలు లేక గాలికి లేచిపోయిన మా చేల మట్టి, మేము తిరిగిన ప్రతి బాట దుమ్ము, ఒక గిన్నె అడుగున. చాలాసేపు దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాను. వదిన కేకేస్తేగానీ కదల్లేదు.

ఆ తర్వాత ఇంజను తల మీది రేకు మూత ఎత్తింది. నన్ను జీపు ముందు నిలబెట్టి, ఇంజను తిప్పే హ్యాండిలు మెల్లగా తిప్పమంది. తిప్పాను. లోపల నూనెతో మెరుస్తున్న ఇనుప చేతులు ఒకదాని తర్వాత ఒకటి వంగి, లేచి, మళ్లీ వంగాయి. ధర్మవరంలో మా పక్కింటి మగ్గం కింద తొక్కుడుపలకలు అలాగే ఆడేవి. నా చేతి బలానికి అంత లోపల అంత పొందికగా కదిలేవి ఉంటాయని నేను అనుకోనే లేదు. నోరు తెరిచి చూస్తున్న నన్ను చూసి వదిన నవ్వింది. ఒక పలచటి ఉక్కురేకు ఆ చేతుల కింది సందులో దూర్చి, నా వేళ్లతో లాగించింది.

"పట్టీ పట్టనట్టు రావాల. బిగుసుకుంటే వేడికి వాల్వు మూసుకోదు, కాలిపోతుంది. వదులైతే టపటపా కొట్టుకుంటుంది. తెలిసిందా?"

తెలిసింది. వేలికి తెలిసింది. ఆ సన్నటి పట్టు ఇప్పటికీ నా వేలి కొనకు గుర్తుంది.

కొత్త ఆయిలు పోశాక మిగిలింది గ్రీజు పని. గోనెసంచి పరుచుకుని, చేతి గ్రీజు పంపు పట్టుకుని కిందికి జరిగాను. రోజూ ఎక్కి దిగే బండికి కింద ఇంకొక లోకం ఉందని అప్పుడే చూడటం. కడ్డీలు, గొట్టాలు, బుడిపెలు అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. వదిన బయట కూర్చుని ఎక్కడెక్కడ కొట్టాలో చెబుతోంది. పంపు నొక్కుతుంటే పాత నల్ల గ్రీజు బయటికొచ్చి, వెనకాలే కొత్తది పచ్చగా కనిపించేది.

"ముందు చక్రాలు రెండింటినీ కలిపే కడ్డీ ఉండాది చూడు. దానికి ఈ కొస, ఆ కొస."

ఎడమ కొసకు కొట్టాను. నట్టు ఊడకుండా దానిలోంచి ఒక సన్నటి సీల దూరి, కాళ్లు రెండు పక్కలకూ వంచి ఉంది. కుడి కొసకు జరిగాను. గుడ్డతో తుడిచాను.

"వదినా, ఈ నట్టుకు సీల లేదే."

"ఏమంటివి?"

"ఆ పక్క సీల ఉండాది. ఈ పక్క లేదు. నట్టు వేలు తగిలితేనే తిరుగుతాంది."

బయట ఆమె చప్పున కిందికి వంగింది.

"ముట్టుకోవద్దు. చెయ్యి తీసెయ్."

నొప్పి భుజంతోనే ఆమె కిందికి పాక్కుంటూ వచ్చి నా పక్కన వెల్లకిలా పడుకుంది. చూసింది. రెండు వేళ్లతో నట్టును ఒక్క చుట్టు తిప్పింది. అది ఆమె అరచేతిలో పడింది.

ఇద్దరం అలాగే పడుకున్నాం.

"ఇది ఊడితే ఏమవుతుంది వదినా?"

"నేను స్టీరింగు ఒకపక్కకు తిప్పుతా. చక్రం దాని దావన అది పోతుంది." నట్టును పిడికిట్లో బిగించింది. "వెనకాల పిల్లోళ్లు ఎంతమంది ఉండిరి పాపా?"

లెక్కపెట్టబోయాను. పక్కింటి చంటిది నా ఒళ్లోనే నిద్రపోయింది, దాని అన్న అంచున కూర్చుంటానని పేచీ పెట్టాడు... అక్కడే లెక్క ఆగిపోయింది. కొండ మలుపుల్లో ఒకపక్క బండరాయి, ఒకపక్క లోయ. ఎన్ని మలుపులు తిరిగామో. ప్రతి మలుపులోనూ ఆ నట్టు చివరి మరను పట్టుకుని ఉందన్నమాట. మేము పాటలు పాడుకుంటూ వచ్చాం.

"పోయినసారి గ్రీజు కొట్టినా, తుడిచినా, వచ్చేసినా. సీల కోసం చూడలేదు నేను" అంది వదిన, నాతో కాదు, పైనున్న ఇనుముతో.

బయటికి వచ్చి చెప్పగానే మా అత్త అరుగు మీద కూలబడింది. మాట పక్కింటికి పోయింది. కాసేపటికి మాతో పెండ్లికి వచ్చినవాళ్లంతా జీపు చుట్టూ చేరారు. ఒక్కొక్కరే గోనెసంచి మీద పడుకుని, కిందికి జరిగి, నట్టు లేని చోటు చూసి, లేచి దుమ్ము దులుపుకున్నారు. పక్కింటి ముసలాయన మాత్రం చెయ్యి చాపి ఆ ఇనుమును తాకి కళ్లకద్దుకున్నాడు. మా అత్త కొబ్బరికాయ తెచ్చింది.

"కొట్టమ్మా, కొట్టు. మీ అల్లుడు దీన్ని తెచ్చినపొద్దు కూడా కొట్టినావు గదా. కానీ సీల మాత్రం మనమే వేయాల" అంది వదిన. ఆ మాటకు అందరూ నవ్వారు, ఏడుస్తున్నవాళ్లతో సహా.

ఆ కడ్డీ కొసనున్న కీలు కూడా అరిగిపోయిందని చూపి, మా ఆయనను కదిరికి బస్సులో పంపింది. సాయంత్రానికి ఆయన కొత్త కీలు, సీలలు తెచ్చాడు. వదిన దగ్గరుండి బిగింపించింది. చివరికి సీల, సుత్తి నా చేతికిచ్చింది.

"నువ్వే కొట్టు. చూసినది నువ్వు గదా."

కొట్టాను. కాళ్లు రెండూ వంచాను. సీల గట్టిగా కూర్చుంది. ఆమె గోటితో లాగి చూసి తల ఊపింది.

ఎండ వాలాక మేమిద్దరమే జీపు తీసుకుని ఊరి బయట మట్టిరోడ్డు మీదికి పోయాం. నేను పక్క సీట్లో కూర్చుని, కమ్మీ పట్టుకుని బయటికి వంగి, ముందు చక్రం వైపే చూస్తున్నాను. వదిన చెయ్యి కుడికి తిరిగితే చక్రం కుడికి తిరిగింది. ఎడమకు తిరిగితే ఎడమకు తిరిగింది. అన్నాళ్లు ఆ బండిలో తిరిగినా అంతటి విషయం జరుగుతోందని నాకు తెలియదు.

"లోపలికి రా పాపా, పడతావు."

"ఇంకొంచెంసేపు వదినా."

ఆమె మళ్లీ పిలవలేదు. నేను చూడాలనే కాబోలు, తిన్నగా ఉన్న రోడ్డు మీద కూడా జీపును ఒకసారి ఇటు, ఒకసారి అటు మెల్లగా తిప్పుతూ పోయింది.