ఇంగ్లీషు నీళ్లు, వేదాద్రి మడుగు

వేదాద్రికి అందరూ భక్తితో వెళతారు. నేను కోపంతో వెళ్లాను. ఒక ఇంగ్లీషువాడు ఏదో నది వెంట నడిచి రాసుకున్న పుస్తకాన్ని నేను నాలుగేళ్లుగా తెలుగు చేస్తున్నాను. ఆ సంగతి తెలిసిన మా వియ్యంకుడు విజయవాడలో ఒక సాహిత్య సభలో మైకు పట్టుకుని, "తెలుగులో నీళ్లకు నీళ్లనే మాట తప్ప ఇంకేముంది?" అన్నారు. ఆయన రిటైరయిన ఇంగ్లీషు లెక్చరర్. స్ట్రీమ్, బ్రూక్, క్రీక్, రివ్యులెట్, పూల్, పాండ్, మిస్ట్, ఫాగ్, డ్యూ, ఫ్రాస్ట్ అంటూ వేళ్లు మడిచి మరీ చదివారు. హాలంతా చప్పట్లు. ఆ కొట్టినవాళ్లలో సగం మంది నా పుస్తకాల మీద సమీక్షలు రాసినవాళ్లే. పుస్తకం తెరవకుండా సమీక్ష రాయడం వాళ్లకు అలవాటు కాబట్టి వాళ్లను వదిలేశాను. కానీ కూతుర్ని ఇచ్చిన ఇంటి పెద్దను ఏమంటాం? నందిగామలో మా ఇంటికి భోజనానికి పిలిచి, రెండోసారి నెయ్యి వేస్తూ, "బావగారూ, ఒక్కరోజు నాతో రండి. మీ ఇంగ్లీషు నీళ్లన్నిటినీ తెలుగులో చూపిస్తా" అన్నాను.

"చూపించలేకపోతే?" అన్నారాయన, విస్తరిలోంచి తలెత్తకుండా.

"ఆ అనువాదం అంతటితో ఆపేస్తా."

ఒక్కో మాటకు ఒక్కో మార్కు అనుకున్నాం. ఆ నీళ్లు కళ్లముందు కనబడాలి, పేరు నేను చెప్పాలి. ఎగువన పులిచింతల ప్రాజెక్టు పనులు జరుగుతున్న రోజులవి. కార్తీకమాసం. ఆయన తెల్లవారుజామున విజయవాడలో బస్సెక్కి, ఏడింటికల్లా నందిగామలో దిగారు. దిగుతూనే, "కీసర దగ్గర మునేరు మీద ఫాగ్, బస్సు లైట్లేసుకుని వచ్చింది" అన్నారు. "పొగమంచు. మార్కు వెయ్యండి" అన్నాను. బస్టాండు వెనక గడ్డి మీద మెరుస్తున్నదాన్ని చూపించి, "అది మంచు, రెండో మార్కు" అన్నాను. "డ్యూకీ మంచే, స్నోకీ మంచే, ఐస్‌కీ మంచేనా? అరమార్కు" అన్నారు. కాలేజీలో కూడా ఇలాగే దిద్దేవారని మా అల్లుడు చెబితే నమ్మలేదు. "మరి ఫ్రాస్టో?" అన్నారు. "నందిగామలో ఫ్రాస్టెక్కడిది బావగారూ, ఇంటికెళ్లి ఫ్రిజ్ తెరిచి చూపించమంటారా?" అన్నాను. ఆయన నవ్వారు. ఆ నవ్వు మాత్రం మంచిది, ఎంత కోపంలో ఉన్నా ఒప్పుకోవాలి.

నందిగామ నుంచి జగ్గయ్యపేటకు హైవే మీద బస్సులకు కొదవ లేదు, ముప్పావు గంటలో చేరుస్తాయి. టికెట్టు అప్పట్లో ఇరవై రూపాయల లోపే. పేటలో ఇడ్లీలు తిని, వేదాద్రికి వెళ్లి రావడానికి ఆటో మాట్లాడుకున్నాం. రెండొందలన్నాడు, బేరం లేదు. డ్రైవరు మస్తాన్ పేటవాడే, నలభై ఏళ్ల మనిషి. దారిలో ఒక చోట రోడ్డు కింద నుంచి సన్నగా నీళ్లు పారుతుంటే బండి ఆపించాను. వియ్యంకుడికి ఊళ్లోవాడి నోటే వినిపిద్దామని, "మస్తాన్, దీన్నేమంటారయ్యా?" అన్నాను.

మస్తాన్ దిగి, వంగి, కిందకు చూసి చెప్పాడు. "కల్వర్టండి."

మా వియ్యంకుడు రెండు చేతులతో పొట్ట పట్టుకున్నారు. "ఇంకేం, ఇంగ్లీషుకే ఇంకో మార్కు."

"అది కాదయ్యా, కింద పారేది."

"అదాండీ, వాగండి. మా అత్తగారిది కోదాడ దగ్గర, వాళ్లయితే ఒర్రె అంటారు. ఎండాకాలం ఏమీ అనరండి, నీళ్లుండవు కదా."

అలా వాగు, ఒర్రె, దాని పక్కన కుంట, పొలంలోకి తీసిన బోదె, అన్నిటికీ మార్కులు రాబట్టి వేదాద్రి చేరేసరికి పదిన్నర. నరసింహస్వామి దర్శనం అరగంటలో అయింది. నది మెట్ల దగ్గర కార్తీక స్నానాల రద్దీ ఎక్కువగా ఉందని, మస్తాన్‌ను వెంటబెట్టుకుని ఒడ్డు వెంట కొంచెం ఎగువకు నడిచాం. అక్కడ ఒక పక్క రాళ్ల మీద నీళ్లు గలగలమంటూ పరుగెడుతున్నాయి. ఇంకో పక్క చప్పుడు లేకుండా, నల్లగా నిలిచి ఉన్నాయి. ఆయన తువ్వాలు చుట్టుకుని తిన్నగా నిలిచిన నీళ్ల వైపు నడిచారు. ఆయన పుట్టి పెరిగింది బెజవాడ కాలవగట్టున. కాలవలో చప్పుడు లేదంటే లాకులు మూసేశారని, నీళ్లు మోకాళ్ల లోతేనని అర్థం. పరుగెత్తే నీళ్లకే అక్కడ భయపడతారు.

"బావగారూ, మడుగు" అని అరిచాను.

ఆయన వెనక్కి తిరిగి, చిరునవ్వుతో చెయ్యెత్తారు. "పూల్ కదా, ఒప్పుకున్నా. ఒక మార్కు" అని ఇంకో అడుగు వేశారు.

ఆ అడుగు కింద నేల లేదు. తల ఒకసారి మునిగి తేలింది, చేతికి ఒక రాయి అంచు దొరికింది. నేను నా కండువా విసిరి, గట్టు మీద బోర్లా పడుకుని, "మస్తాన్" అని కేక పెట్టాను. మస్తాన్ వచ్చి, ఒక చేత్తో నా నడుం, ఇంకో చేత్తో కండువా పట్టుకుని లాగాడు. ముగ్గురం ఇసకలో కూలబడ్డాం.

"ఏంటండీ మీరు, మడుగంటుంటే నవ్వుతారేంటండీ?" అన్నాడు మస్తాన్, పెద్దాయనన్న మొహమాటం కూడా లేకుండా.

కాసేపటికి ఆయన దగ్గు తగ్గింది. "మీరు పూల్ అని అరిచినా దిగేవాణ్ణే బావగారూ. మార్కులు లెక్కేస్తున్నా కదా" అన్నారు. మళ్లీ ఆయనే, "మీ పుస్తకంలో కూడా వాడెవడో నదిలో దిగుతాడన్నారే. అక్కడేం రాశారు?" అన్నారు.

సంచిలోంచి కాయితాలు తీసి చదివాను. 'అతను మడుగులోకి దిగాడు' అని రాసి, పక్కన చుక్క పెట్టి, పేజీ అడుగున మడుగంటే ఏమిటో అయిదు పంక్తులు వివరించాను.

"ఆ అడుగున రాసింది చదివేలోపు మీ పాఠకుడు మునిగిపోతాడు" అన్నారు, తడిసిన తువ్వాలు పిండుకుంటూ.

నాకు ఒళ్లు మండింది. మండింది నిజం చెప్పినందుకే. ఇద్దరం అక్కడే కూర్చుని, వాదించుకుంటూ ఆ వాక్యాన్ని తిరగరాశాం. 'నీళ్లు చప్పుడు మానేసి నల్లబడ్డాయి. అతను అడుగు వేశాడు. కింద ఏమీ లేదు.' మడుగన్న మాట తర్వాతి వాక్యంలో వచ్చింది, దానికి వివరణ అక్కర్లేకపోయింది. మార్కులు ఎవరికెన్ని వచ్చాయో ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు. అనువాదం ఆపుతారా అనీ అడగలేదు. "తర్వాతి పేజీలో ఏముంది?" అని మాత్రం అడిగారు.

సభల్లో నీళ్ల మీద మాట్లాడేవాళ్లను చాలామందిని చూశాను, నాతో సహా. పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవడంలో మాకెంత సంతోషమో. ఆ పేరు ఒక మనిషిని ఎందుకు ఆపలేకపోయిందని మాత్రం ఎవరం ఆలోచించం. తడి తలతో ఆటోలో నా భుజానికి ఆనుకుని నిద్రపోయిన ఆ మనిషి మీద నాకున్న కక్ష జగ్గయ్యపేట వచ్చేసరికి సగానికి సగం తగ్గింది. మిగతా సగం ఉంచుకున్నాను. వియ్యంకుల మధ్య ఆ మాత్రం ఉండాలి.

వేదాద్రి వెళ్లేవారికి ఒక్క మాట. ఆటో రానూపోనూ మాట్లాడుకోండి, మధ్యాహ్నం దాటితే తిరుగు బండ్లు తక్కువ. స్నానం రద్దీగా ఉన్నా మెట్ల దగ్గరే చెయ్యండి. పక్కవాడు ఏదైనా అరిస్తే ముందు ఆగండి, అర్థం తర్వాత అడగొచ్చు.