ద్వాలి ఊ కొట్టిన ఇంగ్లీషు

ద్వాలి పోయి రెండేళ్లవుతోంది. అయినా ఆమె పేరెత్తితే టేకులపల్లి పక్కనున్న తండాలో గాని, ఖమ్మంలో కోడలి ఇంట్లో గాని ముందు వచ్చేది నవ్వే. ఏడుపు ఆ తర్వాతెప్పుడో, ఎవరూ చూడనప్పుడు వస్తుంది.

ఆమెకు చదువు లేదు. పుట్టిన సంవత్సరం తెలియదు. ఆధార్ కార్డు మీద ఉన్నది ఎవరో ముఖం చూసి వేసిన అంచనా. పత్తి తీయడం, మిర్చి ఏరడం, ఎండాకాలం తునికాకు కోయడం ఆమె చేతులకు తెలిసిన పనులు. కానీ తండాలో ఆమెకు పేరు తెచ్చింది వీటిలో ఏదీ కాదు. ఊ కొట్టడం.

పత్తి చేలో ఆడామగా సాళ్లు పట్టి నడుస్తుంటే రాందాస్ అనే ముసలాయన కథ చెప్పేవాడు. ద్వాలి పక్క సాలులో లేకపోతే నోరు తెరిచేవాడు కాదు. "అది రానియ్యుర్రి. అది లేకుంటే నా కథకు కాళ్లు రావు" అనేవాడు. ద్వాలి ఊ అంటే ఎప్పుడూ ఒకే ఊ కాదు. రాజు గుర్రమెక్కితే పొట్టి ఊ, అడవిలో దారి తప్పితే గొంతులోంచి లోతుగా ఒకటి, మంత్రి అబద్ధమాడితే సాగదీసి ఇంకొకటి. కథ గాడి తప్పితే మాత్రం ఆమె మూగనోము పట్టేది. రాందాస్‌కు అర్థమైపోయేది. తప్పిన చోటికి కథను వెనక్కి తోలుకెళ్లి మళ్లీ నడిపించేవాడు. ఆమె మొగుడు హాతీరాం రోజంతా కలిపి పది మాటలు మాట్లాడే మనిషి. ఆ పదికీ పదకొండు ఊలు కొట్టి కాపురం నెట్టుకొచ్చిందని వదినలూ మరదళ్లూ ఆటపట్టించేవారు.

హాతీరాం పోయాక కొడుకు జగదీష్ ఆమెను ఖమ్మం తీసుకొచ్చాడు. మార్కెట్ యార్డుకు దగ్గర్లో రెండు గదుల కిరాయి ఇల్లు. చంటిపాప ఉంది, చూసుకునే మనిషి కావాలి. జగదీష్ పొద్దున్నే రైలెక్కి మధిరలో బ్యాంకుకు పోయేవాడు. కోడలు హేమలత మిర్చి ఎగుమతి చేసే ఒక కంపెనీలో పనిచేసేది. వచ్చిన సరుకులో తేమ ఎంత, రంగు ఎంత, రంగు పోయిన తాలుకాయ ఎంత అని పరీక్ష చేసి కాగితం రాయడం ఆమె ఉద్యోగం. ఆ సంగతి తెలిసిన రోజు ద్వాలి చాలాసేపు నవ్వింది. "కాయ చూస్తే తెల్వదా బిడ్డా, దానికి మిషిను గావాల్నా?"

ఆ కాగితంలోని సంగతులను ప్రతి మంగళవారం సాయంత్రం ఆరున్నరకు ల్యాప్‌టాప్‌లో ఇంగ్లీషులో చెప్పాలి. వినేది జర్మనీలో ఉన్న కొనుగోలుదారులు, హైదరాబాదులో ఉన్న కంపెనీ పెద్దలు. ఇన్నాళ్లూ మేనేజరు శ్రీధర్ చెప్పేవాడు. ఇప్పుడు ఆయనకు బదిలీ అయింది. వెళ్లేముందు హేమలతను కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పాడు. "నెల రోజులు టైముంది హేమా. మీటింగు నువ్వు నడపగలిగితే నా సీటు నీదే. లేదంటే హైదరాబాదు నుంచి ఎవరినో పంపుతరు. పని నువ్వే చేస్తవ్, వాళ్లు చదువుతరు."

పని తనది, నోరు ఇంకొకరిది. ఆ మాట హేమలతకు ముల్లులా గుచ్చుకుంది. ఫోనులో ముప్పై పాఠాల ఇంగ్లీషు కోర్సు కొని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కూర కలుపుతూ కూడా పాఠాలు వల్లె వేసింది. రెండుసార్లు ఉప్పు వేసింది, ఒకసారి అసలు వేయనే లేదు.

మొదటి మంగళవారం వచ్చింది. ద్వాలి పాపను ఎత్తుకుని గుమ్మం దగ్గర నిలబడి చూసింది. హేమలత బాగానే మొదలుపెట్టింది. రెండు వాక్యాలు చెప్పి ఆగింది. ల్యాప్‌టాప్‌లో చడీచప్పుడు లేదు. "హలో, వినపడుతోందా" అని ఇంగ్లీషులో అడిగింది. ఎవరో పొడిగా వినపడుతోందన్నారు. ఇంకో వాక్యం చెప్పింది. మళ్లీ నిశ్శబ్దం. నెట్ పోయిందేమోనని మళ్లీ హలో అంది. అయిదోసారి హలో అనేసరికి శ్రీధర్ గొంతు కలిపి, మిగిలినదంతా తానే చెప్పి ముగించాడు.

హేమలత ల్యాప్‌టాప్ మూసి, వంటగట్టు మీద చేతులానించి నిలబడింది.

"ఏమైందే?" అంది ద్వాలి.

"నోట్ల మాట ఎండిపోయింది అత్తమ్మా. ఏ గోడతోనో మాట్లాడినట్టుంది."

"పది మంది ఉంటరంటివి గద. ఒక్కలన్న ఊ అనలేదా?"

"అనరు. అందరు మ్యూట్‌ల ఉంటరు."

"అంటే?"

"మన చప్పుడు వాళ్లకు ఇనబడ్తది. వాళ్ల చప్పుడు రాకుంట బంద్ చేసుకుంటరు."

ద్వాలి ముక్కు మీద వేలేసుకుంది. "ఊ కొట్టకుంట ఇనేటోళ్లు మనుషులా, దొంగలా? రాందాస్ అయితే గసుంటోళ్లకు చీమ కథ గుడ చెప్పకపోయేటోడు. దా, కూసో. నాకు చెప్పు."

"నీకు ఇంగ్లీషు రాదు గదత్తమ్మా."

"నాకు రాకుంటేంది? నీకొస్తది గద."

మరుసటి సాయంత్రం నుంచి అదే పని. ద్వాలి చాప మీద కూర్చుని ఇంటికి వాడే ఎండుమిరపకాయల తొడిమలు తీసేది. ఎదురుగా హేమలత కాగితం పట్టుకుని ఇంగ్లీషులో చెప్పేది. మొదటి రోజు ద్వాలి ఒక్క ఊ కొట్టి ఆగిపోయింది. హేమలత చెప్పుకుంటూ పోయి, ఊపిరందక నిలిచి చూస్తే అత్త నోరు మూసుకుని కూర్చుని ఉంది.

"ఏందత్తమ్మా?"

"నీ మాట యాడ ఆగిందో నాకు తెల్వలే. ఊ యాడ కొట్టాలె?"

హేమలత కాగితం చూసుకుంది. కోర్సు పాఠంలో చెప్పినట్టు గొప్పగా రాసుకున్న వాక్యం అది. నాలుగు లైన్లు దాటినా చుక్క రాలేదు. పెన్ను తీసి దాన్ని కొట్టేసింది. ఈసారి ముక్కలు చేసి చెప్పింది. "వి టెస్టెడ్ త్రీ లాట్స్."

"ఊ."

"టూ ఆర్ గుడ్."

"ఊఁ."

"వన్ ఈజ్ నాట్ గుడ్."

ద్వాలి చేతిలో కాయ ఆగింది. "అయ్యో. ఏదో నాశనమైంది గద? నీ మొఖం జూస్తె తెల్వదా."

ఇంకో చిక్కు కూడా ఆమే పట్టింది. కోడలి మాటల్లో తనకు తెలిసిన ఇంగ్లీషు ముక్క ఒకటే ఉంది, సారీ. అది వచ్చినప్పుడల్లా ఒక మిరపకాయ తీసి పక్క గిన్నెలో వేసింది. హేమలత చెప్పడం అయిపోయాక గిన్నె ముందుకు జరిపింది.

"ఏం తప్పు చేసినవే, ఇన్నిసార్లు సారీ చెప్పనీకి?"

"తప్పేం లేదు. మర్యాదకు."

"నీ మర్యాదతోని పావుకిలో పచ్చడైతది. మొఖం దిక్కు జూసి చెప్పు, చాలు."

జగదీష్ ఆ రోజు తొందరగా ఇల్లు చేరాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఈ తతంగం విని, "అమ్మా, నువ్వు ఇంగ్లీషు మేడమ్‌వి ఎప్పుడైనవే?" అన్నాడు. "నీ అసుంటోనికి చెప్పాలంటె రెండు గిన్నెల మిరపకాయలు గావాలె" అంది ద్వాలి, తల ఎత్తకుండానే.

మంగళవారం మళ్లీ వచ్చింది. హేమలత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, దాని వెనకాల కుర్చీలో, కెమెరాకు కనపడకుండా అత్తను కూర్చోబెట్టింది. "తల ఊపు, చాలు. నోరు మాత్రం తెరవకు అత్తమ్మా, నీకు దండం పెడ్త." ద్వాలి ఒప్పుకుంది. నిజంగానే ఒప్పుకుంది.

హేమలత అత్త ముఖం చూస్తూ మొదలుపెట్టింది. ద్వాలి తల ఊపుతోంది. మాట నడిచింది. మొదటి లాటు, అంటే మొదట దిగిన సరుకు సంగతి అయింది. రెండో లాటు దగ్గర హేమలత గొంతు కొంచెం దిగింది. తేమ పదమూడు శాతం. అంత తేమ ఉంటే దూరదేశం చేరేలోపు కాయకు బూజు పడుతుంది. అంకెలు అర్థం కాకపోయినా ఆ గొంతు ద్వాలికి అర్థమైంది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"అయ్యయ్యో."

ద్వాలి కొంగు నోట్లో కుక్కుకుంది, కానీ అయ్యయ్యో అప్పటికే జర్మనీ చేరిపోయింది. ల్యాప్‌టాప్‌లో ఒక ఆడగొంతు ఏదో అడిగింది.

"ఏమంటున్నదే?" అంది ద్వాలి గుసగుసగా.

"ఎవరని అడుగుతున్నది." హేమలత ఒక్క క్షణం ఆలోచించి, కెమెరా వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది. "మా అత్తగారు. నలభై ఏళ్లు మిర్చి ఏరింది. రెండో లాటు గురించి బెంగపడుతోంది." అవతల నలుగురైదుగురు ఒక్కసారే నవ్వారు. మ్యూట్లు తెరుచుకున్నాయి. అదే ఆడగొంతు మళ్లీ అడిగింది.

"తేమ ఎందుకెక్కిందో నీ అభిప్రాయం గావాలంట."

ద్వాలి కుర్చీ జరుపుకుని కోడలి పక్కకు వచ్చింది. "ఎందుకేంది? పరదా లేకుంట నేల మీద ఎండబోసిర్రు. మంచు తాగింది."

"కాదత్తమ్మా. కల్లంల ఉన్నప్పుడు తేమ తక్కువనే ఉండె. లారీల వచ్చేటప్పుడు వాన పడ్డది, పట్టా చినిగింది."

"లారీల నువ్వు కూసొని వచ్చినవా?"

"డ్రైవరు చెప్పిండు."

"డ్రైవరు చెప్తె నమ్మేటిదానివి, అత్త చెప్తె నమ్మవు."

ఏం జరుగుతోందని జర్మనీ ఆమె అడిగింది. హేమలత తన వాదన చెప్పింది, అత్త వాదన చెప్పింది, కల్లం దగ్గర తీసిన అంకె ఇదీ, ఇక్కడ దించినప్పటి అంకె ఇదీ అని చూపించింది. డ్రైవరు పేరు చెప్పి అత్త దెప్పిన మాట కూడా వదలకుండా చెప్పింది. వాళ్లు నవ్వుతూ అడిగారు, ఈమె జవాబిచ్చింది. ఆ లాటును విడిగా ఆరబెట్టి మళ్లీ పరీక్షిస్తామంది. ముందున్న కాగితం ఎప్పుడో కింద పడింది, పాప దాన్ని నములుతోంది. హేమలతకు ఒక్కసారి కూడా సారీ గుర్తుకు రాలేదు. శ్రీధర్ ఆ సాయంత్రం నోరు విప్పే అవసరం రాలేదు.

మీటింగు ముగిశాక హేమలత అత్త మీద కోప్పడదామనుకుంది. నవ్వాగక ఆ పని కుదరలేదు.

నెలాఖరుకు శ్రీధర్ వెళ్లిపోయాడు. హైదరాబాదు నుంచి ఎవరూ రాలేదు. సీటు హేమలతకే ఇస్తున్నామని ఉత్తరం వచ్చింది. దాన్ని జగదీష్ తల్లికి రెండుసార్లు చదివి వినిపించాడు. ఆమె రెండుసార్లూ మొదటిసారి విన్నట్టే విన్నది.

ఇన్‌చార్జిగా తొలి మంగళవారం హేమలత మొట్టమొదట ఒక కోరిక కోరింది. నేను చెబుతున్నప్పుడు దయచేసి ఎవరూ మ్యూట్‌లో ఉండొద్దు, మా వైపు వినేవాళ్లు మధ్యమధ్యలో చప్పుడు చేస్తారు, అది లేకపోతే మాకు మాట నడవదు అని ఇంగ్లీషులో చెప్పింది. వాళ్లు ఒప్పుకున్నారు. ఆమె మొదటి వాక్యం చెప్పగానే ల్యాప్‌టాప్‌లోంచి "యా", "ఓకే", "రైట్" అని తలా ఒకటి వినిపించాయి.

ద్వాలి పాపకు బువ్వ తినిపిస్తూ గుమ్మం దగ్గర నిలబడి చివరిదాకా విన్నది. కోడలు ల్యాప్‌టాప్ మూయగానే తీర్పు చెప్పింది.

"అందరు బాగనే ఉన్నరు గని, గా చివర్న రైట్ అనేటాయన నీ మాట కాకముందే మధ్యల పడుతున్నడు. వచ్చే వారం ఆయన్ను పత్తి ఏరనీకి పంపమను, ఊ యాడ కొట్టాలెనో నేను నేర్పిస్త."